తేలిన చేపలు

ఆ శనివారం తెల్లారేసరికి సులైబియాలోని మజ్రాలో, అంటే తోటలో, ముప్పై ఎనిమిది పండుగప్ప చేపలు నీళ్ల మీద వెల్లకిలా తేలి ఉన్నాయి. ఖాజావలి గట్టు మీద నిలబడి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెడితే ఒకటో రెండో తగ్గుతాయేమోనని ఇంకోసారి లెక్కపెట్టాడు. ఆశకు అంతేముంది! ముప్పై ఎనిమిదే.

జనవరి నెల. రాత్రంతా ఉత్తరపు గాలి ఈడ్చి కొట్టింది. తెల్లవారి టార్పాలిన్ మీద చేయి వేస్తే మంచు పలుకులు వేళ్లకు తగిలాయి. ‘కువైట్‌లో చలేందిరా’ అని ఊళ్లో నవ్వేవాళ్లను ఒక్క రాత్రి తెచ్చి ఈ తోటలో రేకుల గదిలో పడుకోబెట్టాలని ఖాజావలికి ఎప్పటినుంచో కోరిక.

తోట యజమాని అబూ ఫహద్. పనివాళ్లకు బాబా. ఖర్జూరాలకు, గడ్డికి నీళ్లు నిలవ చేసుకోవడానికి ఆయన రెండెకరాల మేర గొయ్యి తవ్వించి, అడుగున నల్ల ప్లాస్టిక్ పరిపించాడు. తర్వాత ఏ దేశంలోనో పండుగప్ప తిని, దాని మీద మనసుపడి, చేపపిల్లల్ని ట్యాంకర్‌లో తెప్పించి అందులో వదిలాడు. వలేసి పట్టడానికి కాదు. చలికాలంలో ఒక రోజు స్నేహితుల్ని పిలిచి, కుర్చీలు వేసుకుని, గాలాలు వేసి పట్టాలని ముచ్చట. ఉన్నవాడి ముచ్చటకు ఊరంతా పని అన్నట్టు, ఈ ముచ్చటకు ఖాజావలి, ఆంజి ఇద్దరూ రెండేళ్లుగా కాపలా కాస్తున్నారు. ఆ రోజు ఇదే. తొమ్మిదింటికి అతిథులు వస్తున్నారు.

“ఆయ్, పోయాయండీ,” అన్నాడు ఆంజి, మఫ్లరు ముక్కు మీదికి లాక్కుంటూ. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద పనిచేసి వచ్చినవాడు. చేపక్కూడా అండీ తగిలించి మాట్లాడే మనిషి. “పండుగప్ప ఎండ సేపండి. సలికి ఆగదు. రాత్రి మోటారు ఏయబట్టి ఆ మాత్రమన్నా మిగిలాయి. బోరు నీళ్లు గోరెచ్చగా ఉంటాయి గదండీ, గొట్టం కాడికి చేరినయ్యి బతికాయి, అవతల మూల ఉన్నయ్యి పోయాయి.”

 ఖాజావలి మనసు చేపల మీద లేదు. అర్దియాలో బాబా ఇంటి వంటగదిలో ఉంది.

అక్కడ అతని భార్య సుల్తాన్‌బీ నాలుగేళ్లుగా వంట చేస్తోంది. రెండు నెలల కిందట ఆమె ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ తగిలింది. ఇప్పుడది నిమ్మకాయంత అయింది. క్లినిక్‌లో చూసిన డాక్టరమ్మ, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోమంది. ఇంటి పని మానేసి ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి బాబా భార్య, పనివాళ్లకు మామా, ఒప్పుకోలేదు. ఊరికి పంపమంటే, “రంజాన్ వస్తోంది. రంజాన్ ముందు వంటమనిషిని పంపేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఈద్ అయ్యాక వెళ్లు,” అంది. ఈద్‌కు ఇంకా రెండు నెలలు పైనే ఉంది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. తిరుపతిలో పెద్దాసుపత్రి దగ్గర సుల్తాన్‌బీ అక్క బుడేన్‌బీ గది కూడా మాట్లాడి పెట్టింది. మనిషి కదలడమే తరువాయి.

మామా మాటకు పైమాట చెప్పగలిగింది బాబా ఒక్కడే. బాబా చెడ్డవాడేం కాదు. సంతోషంలో ఉంటే చేతి గడియారం ఊడదీసి ఇచ్చే రకం. సంతోషంలో లేకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా ఆయనకు కనబడడు. అందుకే ఈ రోజు చేపలు పడాలి. బాబా స్నేహితుల ముందు నవ్వాలి. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఖాజావలి అడగాలి. వారం రోజులుగా అతనికి వేరే ఆలోచన లేదు.

“మరీటిని ఐసులో ఏసేద్దామా?” అన్నాడు ఆంజి. “తాజాగానే ఉన్నాయండి. మొప్పలు సూడండి, ఎంతెర్రగా ఉన్నాయో. బాబా వచ్చాక ఆయనిష్టం.”

“తేలిండేవి తినకూడదు ఆంజీ. హరాము.”

“మీకు కూడదేమోనండి. ఆళ్లకి కూడుద్దో కూడదో మనకేం తెల్సు? ఓమాటడిగితే పోలా?”

“అడిగేదేముంది? ఆయప్పా ముసల్మానే, నేనూ ముసల్మానే. తెలీక ఆయప్ప తిన్యాడంటే ఆ పాపం నా నెత్తికి సుట్టుకుంటాది. ఈ పొద్దు అసలే నాకు దేవుని దయ కావల్ల.”

ఈ పట్టుదల ఎందుకో చెప్పాలి. ఖాజావలి దూదేకులవాడు. రాయచోటి దగ్గర గాలివీడు వైపు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. టౌనులో ఉర్దూ వచ్చిన సాయిబులు, “మీకు కల్మా అన్నా వచ్చునా?” అని ఎకసెక్కాలాడేవాళ్లు. ఆ మాట చిన్నప్పటినుంచి అతనికి ముల్లులా గుచ్చుకునేది. కువైట్‌కు వచ్చాక, అల్ రాయ్‌లో టైర్ల షాపులో పనిచేసే హైదరాబాద్ మనిషి అబ్దుల్ బాసిత్ శుక్రవారాలు నమాజు తర్వాత పదిమందిని కూర్చోబెట్టి దీన్ సంగతులు, మతం సంగతులు చెబుతుంటే, ఖాజావలి ముందు వరుసలో కూర్చుని నేర్చుకున్నాడు. చేపను దేవుడి పేరు చెప్పి కోసి జబహ్ చేయనక్కరలేదు, కానీ నీళ్లలో చచ్చి తేలిన చేప తినకూడదు అన్నది అక్కడ విన్నదే. కొత్తగా నేర్చినవాడికి ఉండే నిష్ఠ పుట్టుకతో వచ్చినవాడికి ఉంటుందా?

ముప్పై ఎనిమిది చేపల్ని గంపలకెత్తి, ఖర్జూరం చెట్ల అవతల ఇసుకలో మోకాటి లోతు గుంట తీసి పూడ్చాడు. ఆ చలిలో కూడా చొక్కా తడిసింది. పని అయ్యాక మంచిపని చేసినవాడి తృప్తితో చేతులు కడుక్కున్నాడు. ఆంజి సాయం పట్టాడు.

బాబా ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. అందరూ గొర్రెతోలు అస్తరు వేసిన పెద్ద కోట్లలో మునిగి ఉన్నారు. అందులో పెద్దాయన అబూ సాలిమ్, తెల్ల గడ్డం, చేతిలో తస్బీ జపమాల. గట్టు మీద కుర్చీలు, బొగ్గుల కుంపటి, టీ. గాలాల సరంజామా చూస్తే పెళ్లి సారెలా ఉంది. మిలమిలలాడే ప్లాస్టిక్ చేపపిల్లలు, రంగురంగుల ఈకలు, కర్రకో చక్రం.

గంటన్నర విసిరారు. నీళ్లలో ఈకలు ఈదాయి, ప్లాస్టిక్ పిల్లలు ఈదాయి. పండుగప్ప మాత్రం ఒక్కటీ కదల్లేదు. ఒకాయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన, “అబూ ఫహద్, ఇందులో నిజంగా చేపలున్నాయా, లేక మమ్మల్ని చలికి చంపడానికి పిలిచావా?” అన్నాడు. అందరూ నవ్వారు. బాబా నవ్వలేదు.  ఆ ముఖం చూసిన ఖాజావలికి సుల్తాన్‌బీ ప్రయాణం ఆ నీళ్ల అడుగున పడి ఉన్నట్టనిపించింది.

ఊరి దగ్గర పాపాఘ్ని నది మీద వెలిగల్లు ప్రాజెక్టు కట్టిన కొత్తలో ఖాజావలి అక్కడ గాలం వేసి బతికాడు. మంచు పడే రోజుల్లో చేప ఎరను తరమదని, నోటి దగ్గరికి తెచ్చి పెడితేనే మింగుతుందని అతనికి తెలుసు. సందేహిస్తూనే వెళ్లి బాబా పక్కన వంగాడు.

“బాబా, ఇక్కడ కాదు. గొట్టం దగ్గరికి రండి. నీళ్లు వెచ్చగా ఉంటాయి, చేపలన్నీ అక్కడే ఉన్నాయి,” అన్నాడు, తనకొచ్చిన అరబ్బీలో. “ప్లాస్టిక్‌ది వద్దు. బతికున్న పిల్ల చేప కడతా. విసరొద్దు. మెల్లగా దించండి. దించి ఊరుకోండి.”

బాబా అతన్ని ఎగాదిగా చూసి, “యల్లా, పద,” అని లేచాడు.

కుర్చీలు గొట్టం దగ్గరికి మారాయి. ఖాజావలి తోట కాలువలో జిలేబీ చేపపిల్లల్ని పట్టి, వీపు దగ్గర కొక్కెం గుచ్చి, ఒక్కో గాలాన్ని చేతులతో నీళ్లలోకి వదిలాడు. పది నిమిషాలు ఏమీ లేదు. ఆ పది నిమిషాల్లో అతను ఎన్ని దువాలు చదివాడో దేవుడికే తెలియాలి. అప్పుడు బాబా చేతిలో కర్ర ఒక్కసారిగా వంగింది.

“లాగొద్దు బాబా! పోనీండి, పోనీండి... ఇప్పుడు తిప్పండి!”

చేప గొట్టం కిందికి దూరి దారాన్ని రాయికి చుట్టేసింది. తెగిందంటే అంతే సంగతులు. ఖాజావలి ఇంకేం ఆలోచించకుండా చొక్కాతో, ప్యాంటుతో నీళ్లలోకి దిగాడు. నడుము దాకా మునిగేసరికి ఊపిరి ఆగినంత పనైంది. చేతులతో తడిమి దారం విడిపించాడు. నీళ్లు చిమ్ముకుంటూ పండుగప్ప పైకి ఎగిరింది. గట్టు మీద కేకలు. ఆరు కిలోల చేప, వెండి పళ్లెంలా మెరుస్తోంది. బాబా దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఫోటోలు దిగాడు. ఆ తర్వాత గంటలో ఎనిమిది పడ్డాయి. ఫోన్ చూసుకునే ఆయన రెండు పట్టి, రుమాలు తీసి గాల్లో తిప్పాడు.

ఖాజావలి తడి బట్టలతో వణుకుతూ కుంపటి దగ్గర నిలబడ్డాడు. బాబా వచ్చి తన కోటు విప్పి అతని భుజాల మీద కప్పాడు.

“ఖాజా, ఈ రోజు నువ్వు నా ముఖం నిలబెట్టావు. ఏం కావాలో అడుగు. వీళ్లందరి ముందు చెబుతున్నా, అడుగు.”

అదే క్షణం. వారం రోజులుగా ఎదురుచూసిన క్షణం. పాస్‌పోర్టు అన్న ఒక్క మాట చాలు. కానీ ఖాజావలికి సంతోషం ఎక్కువైంది. కేవలం చేపలు పట్టించినవాడుగా కాదు, తన యజమాని దీన్‌ను కూడా కాపాడినవాడుగా అడిగితే ఇంకా బాగుంటుందనిపించింది. టౌనులో ఎకసెక్కాలాడినవాళ్లు ఇది చూస్తే బాగుండుననీ అనిపించింది. మనిషికి మంచిరోజు వస్తే నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది.

“బాబా, ఇంకోటి కూడా చేశా,” అన్నాడు. “రాత్రి చలికి ముప్పై ఎనిమిది చచ్చి తేలాయి. తెలియక మీరు ఆ హరామ్ తింటారేమోనని పొద్దున్నే అన్నీ ఇసుకలో పూడ్చేశా.”

ఆంజి తల కిందికి దించుకున్నాడు.

బాబా ముఖంలో నవ్వు ఒకేసారి పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. “పూడ్చావా? ముప్పై ఎనిమిదీనా? లేష్? ఎందుకు?”

“హరామ్ కదా బాబా.”

“నీళ్లలో చచ్చింది హలాల్! చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా మజ్రాలో నాకు ఫత్వా ఇవ్వడానికి నువ్వెవరు?” స్నేహితుల వైపు తిరిగాడు. “రెండేళ్లు పెంచా. దేవుడిచ్చిన అన్నాన్ని మట్టిలో పారేశాడు! అసలు పూడ్చాడో, ఏ మార్కెట్‌కు తోలాడో.”

ఆ మాటతో ఖాజావలి ఒంట్లో వణుకు ఆగిపోయింది. పరుగున ఖర్జూరం చెట్ల అవతలికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే ఇసుక తోడాడు. ఒక్కో చేపనూ తీసి వరసగా పెట్టాడు. అతిథులు గుంట చుట్టూ నిలబడి చూశారు. ముప్పై ఎనిమిదీ ఉన్నాయి. కళ్లలో, మొప్పల్లో ఇసుక.

“వదిలెయ్ అబూ ఫహద్,” అన్నాడు అబూ సాలిమ్. “వీళ్లు హనఫీలు, మనది వేరే దారి. తేలింది తినరు. తన నమ్మకం ప్రకారం నీకు మంచే చేశాననుకున్నాడు పాపం.”

“అయితే నేను తినేది హరామా? నా తండ్రి తిన్నది హరామా?” బాబా ఒక చేపను తోక పట్టి ఎత్తాడు. ఆయన గొంతులో ఇప్పుడు కోపం లేదు. వేళాకోళం వచ్చింది. అది కోపం కంటే చెడ్డది. “ఇది కడిగి కాల్చండి. ఖాజా మా ముందు తింటాడు. తిన్నాడంటే నా మాట నిలబెట్టుకుంటా. ఏమడిగితే అది ఇస్తా.”

“బలవంతం వద్దు,” అన్నాడు పెద్దాయన. బాబా వినలేదు.

ఆంజి చేప కడిగి, ఉప్పు రాసి, కుంపటి మీద కాల్చాడు. పళ్లెం అందిస్తూ తెలుగులో మెల్లగా, “తినీండి ఖాజా గారూ. దేవుడికి తెలవదేటండీ మీ కట్టం?” అన్నాడు.

ఖాజావలి బిస్మిల్లా అనబోయి ఆగాడు. హరామ్ తింటూ ఆ మాట ఎలా అనడం? అనకుండానే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రుచి చెడుతుందని, వాంతి వస్తుందని అనుకున్నాడు. చేప రుచిగానే ఉంది. అందుకు అతనికి సిగ్గేసింది. నమిలి మింగాడు. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. ముల్లు బయటపడేదాకా తిని, పళ్లెం కింద పెట్టి, బాబా కాళ్ల దగ్గర కూర్చుని, సుల్తాన్‌బీ గడ్డ సంగతి, పాస్‌పోర్టు సంగతి చెప్పాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది.

“ఇంతేనా?” అన్నాడు బాబా. అక్కడికక్కడే మామాకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మొదట నవ్వుతూ చేపల కథ చెప్పాడు, పూడ్చడం, తవ్వడం, తినిపించడం, అంతా. ఆ తర్వాత పాస్‌పోర్టు గురించి చెప్పాడు.

మామా గొంతు గట్టు మీద అందరికీ వినబడింది. “నలభై చేపలు మట్టిలో పారేసినవాడికి బహుమానమా? రంజాన్‌కు నా చెల్లెళ్లు ముగ్గురూ పిల్లలతో దిగుతున్నారు. వంట నువ్వు చేస్తావా? ఈద్ అయ్యాక. ఖలాస్.”

చేపలు పట్టిన ఊపులో అయితే బాబా, “ఇంటికి మగవాణ్ని నేను, నేను చెబుతున్నా,” అనేవాడే. ఆ ఊపు ఎప్పుడో దిగిపోయింది. ఫోన్ జేబులో వేసుకుని, “విన్నావుగా. ఈద్ అయ్యాక, ఇన్షాల్లా. టికెట్ నేనే తీస్తా,” అన్నాడు. కోటు తిరిగి తీసుకుని కారెక్కాడు. పెద్దాయన ఒక్కడే వెళ్తూ వెళ్తూ ఖాజావలి భుజం తట్టాడు.

“అడగమన్నప్పుడే అడిగేయాల్సిందండి,” అన్నాడు ఆంజి, కుర్చీలు మడుస్తూ. అని, ఎందుకన్నానా అని నాలుక్కరుచుకున్నాడు.

అటు దీనూ పోయె, ఇటు పెళ్లాం ప్రయాణమూ పోయె. రెంటికీ చెడ్డ రేవడి అంటే తానే అనుకున్నాడు ఖాజావలి. రెండోది తన చేతిలో లేదు, కనీసం మొదటిదానికి ఏదైనా ప్రాయశ్చిత్తం ఉంటే చేసుకుందామని, సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబ్దుల్ బాసిత్‌కు ఫోన్ చేశాడు. పొద్దున్నించి జరిగింది దాచకుండా చెప్పాడు.

బాసిత్ అంతా విని, “అరే ఖాజా భాయ్, చేపలు దేనికి సచ్చినయ్ అన్నవ్?” అని అడిగాడు.

“సలికి.”

“మరి చలికి సస్తే హరాం కాదు కద భాయ్! ఏ కారణం లేకుంట దానంతటదే సచ్చి తేలితేనే తినొద్దు. చలి కొట్టి సచ్చినా, ఎండ కొట్టి సచ్చినా తినొచ్చని మన పెద్దోళ్లే రాసిన్రు. ఆ దినం నేను చెప్పే సబక్ సగంల ఉండంగనే మీ కఫీల్ బాబా ఫోన్ చేసిండని నువ్వు లేసి పోయినవ్. మిగిలింది నాతోని అడగనే లేదు. నువ్వేం ఫికర్ చేయకు, నీ మీద గునా లేదు.”

పాపం లేదట. ఆ మాట విని ఖాజావలికి బరువు దిగలేదు. పాపమైనా ఉంటే, దేవుని కోసమే ఇదంతా పోగొట్టుకున్నానని చెప్పుకోవడానికి ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పూడ్చాల్సిన పని లేదు, తవ్వాల్సిన పని లేదు, ఏడుస్తూ తినాల్సిన పని లేదు. ఉత్త పుణ్యానికి, సగం నేర్చిన ఒక్క ముక్క పట్టుకుని, సుల్తాన్‌బీ రెండు నెలలు తన చేతులారా పారేశాడు. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

చేతిలో ఫోన్ మోగింది. సుల్తాన్‌బీ. మూడుసార్లు మోగనిచ్చి ఎత్తాడు.

“ఏమబ్బా, అన్నం తింటివా?”

“తింటి.”

“ఏం కూర?”

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెకు అబద్ధం చెప్పాల్సిన అవసరం అతనికి రాలేదు. “పప్పు,” అన్నాడు.

“చేపలు బాగా పడినాయంట గదా. డ్రైవరు చెప్పె. బాబాను అడిగితివా మరి?”

“అడిగితిని. పండగ అయినంక పంపిస్తాననె. టికెట్టు ఆయప్పే తీస్తాడంట.”

అటువైపు కుళాయి నీళ్లు గిన్నెలో పడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు అదే వినిపించింది. తర్వాత కుళాయి ఆగింది.

“సరేలే. ఎంతలో వస్తాది పండగ! నువ్వేం యోచన పెట్టుకోవాకు. ముందరంత నొప్పి ల్యాదులే ఇప్పుడు. గడ్డ గూడా రవ్వంత తగ్గినట్టే ఉండాది.”

“ఔనా?”

“ఔను. పొద్దున సూసుకున్యా గదా.”

“అయితే మంచిదే,” అన్నాడు ఖాజావలి.

“మామా పిలుస్తాంది,” అని ఆమె పెట్టేసింది. అతను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు. అవతల ఎవరూ లేరని తెలిసి, “నేనే సేసినా సుల్తానూ, నేనే సేసినా,” అని చెప్పి, తడి ఆరని ప్యాంటుతో గట్టు మీద కూలబడి, ఆంజి చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.